తాత వంతు

మొన్న గిద్దలూరు నుంచి మార్కాపురం వచ్చే బస్సులో నా ముందు సీట్లో ఒక ముసలమ్మ కూర్చుంది. ఆమె పక్కన ఎవరో తల్లి ఒళ్ళో చిన్నపిల్ల, పిల్ల చేతిలో బిస్కెట్టు. ముసలమ్మ ఊరుకోలేక చెయ్యి చాపి, "నాకేదీ? నాకు పెట్టవా అమ్మీ?" అంది. పిల్ల కాసేపు ఆలోచించి, ఎంగిలి బిస్కెట్టును ముసలమ్మ నోటి దాకా తీసుకెళ్ళింది. ముసలమ్మ "ఆం" అని గాలిని కొరికి, "నా బంగారే! నువ్వు తినమ్మా" అని ఆ చేతిని వెనక్కి తోసింది. పిల్ల నవ్వింది, తల్లి నవ్వింది, టికెట్లు కొడుతున్న కండక్టరు కూడా నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

పిల్లలున్న ప్రతి ఇంట్లో ఆడే ఆటే ఇది. ఉత్తుత్తికే అడగడం, ఉత్తుత్తికే తినడం. పిల్లలకు పెట్టే గుణం అలవాటు కావాలని పెద్దవాళ్ళు ఆడే నాటకం. ఇందులో అడిగినవాళ్ళు నిజంగా తినకూడదు. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు, అయినా అందరికీ తెలుసు. మా చిన్నమామకు మాత్రం తెలియదు. లేదా, తెలిసే అలా చేశాడు. ఆయన పోయి ఏడాది దాటుతున్నా ఆ ఒక్క సంగతి నాకు తేలడం లేదు.

చిన్నమామ అంటే మా మామగారి తమ్ముడు. హనుమంతునిపాడు దగ్గర పల్లె. కూలికి పోవడం, చర్చికి పోవడం తప్ప వేరే ఏదీ తెలియని మనిషి. పిల్లల్లేరు. భార్య పోయాక ఒక చేతిసంచి పట్టుకుని మార్కాపురంలో మా ఇంటికొచ్చాడు. "నాలుగు రోజులుండి పోతా కోడలా" అన్నాడు. ఆ నాలుగు రోజులు రెండేళ్ళ పైనే సాగాయి.

పొడుగాటి మనిషి. వంగి గడప దాటేవాడు, లోపలికొచ్చాక కూడా కాసేపు వంగే ఉండేవాడు, ఇంకో గడప ఉందేమోనన్నట్టు. భుజం మీద తువ్వాలు, తెల్లటి గుబురు మీసం. ఆయన మొత్తంలో నాకు బాగా గుర్తున్నది కుడిచెయ్యి. ఇంత పొడుగు వేళ్ళు. ఆ చెయ్యి ఎప్పుడూ ఎవరి పళ్ళెం వైపో వెళ్తూ ఉండేది.

వచ్చిన రోజు సాయంత్రమే జరిగింది. మా పాప బ్లెస్సీ అప్పుడు మూడో తరగతి. బడి నుంచి వచ్చి టీవీ ముందు కూర్చుని క్రీమ్ బన్ను తింటోంది. ఈయన పక్కన చతికిలబడి, "నాకేదీ తల్లీ?" అన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఆడుతున్న ఆటే కదా, పాప టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండానే బన్ను ఆయన నోటి దగ్గర పెట్టింది. మళ్ళీ చూసుకునేసరికి సగం బన్ను లేదు. పాప బన్నును చూసింది, ఆయన్ని చూసింది, నన్ను చూసింది.

"మమ్మీ! తాత నిజంగా తిన్నాడు!"

ఆ కేకకు నేను కుట్టు మిషను ఆపి పరుగెత్తుకొచ్చాను. ఆయనలో సిగ్గూ లేదు, జంకూ లేదు. నిమ్మళంగా నములుతూ, "బాగుంది తల్లీ. ఇంకేముంది?" అన్నాడు.

మా ఆయనతో చెబితే పగలబడి నవ్వాడు. "చిన్నాయన మొదట్నుంచీ అంతే. మేం చిన్నప్పుడు, వానల్లేక ఇంట్లో తిండికి కటకటగా ఉన్నప్పుడు కూడా, మా సంగటి ముద్దల్లోంచి తుంచుకుని పోయేటోడు. మా నాయన తిట్టినా ఇనేటోడు కాదు" అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత నేను ఆయన్ని గొప్పవాణ్ణి చేద్దామని చూసినప్పుడల్లా ఈ మాటే వచ్చి అడ్డం నిలబడుతుంది.

మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి. మా ఆయనకు కాలేజీ రోడ్డులో చిన్న బేకరీ ఉంది. నేను ఇంట్లో మిషను కుడతాను. బేకరీ ఉన్న ఇంట్లో తిండికి కరువుండదు, అదే మాకు చేటైంది. కొట్టు కట్టేసి వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఎప్పుడూ ఒక కవరు ఉండేది. ఆ రోజు అమ్ముడుపోని ఎగ్ పఫ్‌లు, దిల్‌పసంద్ ముక్కలు, క్రీమ్ బన్నులు. తెల్లారితే పనికిరావు. పారేద్దామంటే చేతులు రావు. మా వైపు మనుషులకు అన్నం పారేయడమంటే దేవుణ్ణి తిట్టడంతో సమానం. కాబట్టి ఎవరో ఒకరు తినాలి. నేను రెండు తినేదాన్ని, ఆయన రెండు తినేవాడు, మిగిలినవి పాపకు. పిల్ల తింటుంటే ఎంత ముచ్చటో! "బొద్దుగా ఉంది, బేకరీ ఓనరు కూతురంటే అట్లుండాల" అని వచ్చినవాళ్ళు బుగ్గలు పిండి పోయేవాళ్ళు.

అందరికంటే ముందు నాకే తెలియాలి. దర్జీదాన్ని కదా! పాప గౌన్లన్నీ నేనే కుడతాను. పెరిగే పిల్ల కదా అని లోపల గుడ్డ వదిలి కుడతాం. ఆ వదిలిన గుడ్డ ఏడాదైనా రావాలి. పండక్కి కుట్టింది బడులు తెరిచేసరికి విప్పాల్సి వస్తోంది. పొడవు చాలక కాదు, నడుము చుట్టూ చాలక. విప్పుతూనే ఉన్నాను గానీ, నా బుర్ర మాత్రం విచ్చుకోలేదు. మెడ వెనక నల్లగా చారలు కనబడితే మురికనుకున్నాను. సున్నిపిండి పెట్టి, పీచు పెట్టి, పాప ఏడుస్తున్నా రుద్దాను. ఎంత రుద్దినా పోలేదు.

దగ్గొస్తే ఒకసారి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె దగ్గు సంగతి వదిలేసి పాప మెడ చూసింది. "ఇది మురికి కాదమ్మా, రుద్దొద్దు. ఒంట్లో చక్కెర సరిగా అరగడం లేదని చెప్పే గుర్తు. బరువు ఇట్లే పెరిగితే చిన్న వయసులోనే షుగరు రావొచ్చు" అంది. ఏం చేయాలని అడిగాను. "పాప ఒక్కదాని నోరు కట్టేస్తే లాభం లేదు. పెరిగే పిల్ల, పస్తులు పెట్టొద్దు, రోజూ ఒక గుడ్డు పెట్టండి. ఇంట్లో అందరూ మారాలి. అందరూ ఒకటే తినండి, కలిసి తినండి, టీవీ కట్టేసి తినండి. కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు రోజూ వద్దు. పిల్ల రోజూ ఆడాలి, నడవాలి" అంది.

బేకరీ సరుకు వద్దట! మా ఆయనకు ఈ మాట చెప్పడమెలాగో తెలియక నేను మాట సగం కోసి చెప్పాను. పాపకు తిండి తగ్గించమన్నారని మాత్రం చెప్పాను. మర్నాటి నుంచి పాపకు వేరే గిన్నె. మాకు తెల్లన్నం, వేపుళ్ళు, పఫ్‌లు. పాపకు జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. అప్పటికే షుగరున్న చిన్నమామకు డాక్టరు చెప్పిన పథ్యం ఇంకో గిన్నె. ఇల్లు ఇల్లులా లేదు, మూడు రకాల పేషెంట్లున్న వార్డులా ఉంది. పాప రొట్టె ముందు పెట్టుకుని మా పళ్ళేల వైపు చూస్తూ కన్నీళ్ళు కార్చేది. నాకు ముద్ద దిగేది కాదు. పైగా ఒకరోజు నా మిషను కింద జాకెట్టు ముక్కల గుట్టలో క్రీము అంటిన కవరు దొరికింది. పిల్ల దొంగతిండి నేర్చింది.

చిన్నమామ రచ్చ మొదలైంది అప్పుడే. తన పళ్ళెం ముందుకు తోసి, "నాకీ కూడొద్దు" అన్నాడు.

"అది నీ పథ్యం మామా. డాక్టరు రాసిచ్చింది."

"నాకు పాప తినేది పెట్టు."

"పాపది వేరే."

"అదే పెట్టమంటన్నా. దాని పళ్ళెంలో ఏముంటే నా పళ్ళెంలో అది. లేకపోతే నేను తినను, పల్లెకు పోతా."

సరే, ఇద్దరికీ జొన్నరొట్టె పెట్టాను. రెండు రోజులు గడిచాక చిన్నమామ మా ఆయన పళ్ళెం వైపు చూసి, "వాడిదేంది, తెల్లగా ఉంది? వానికొక దేవుడు, నాకొక దేవుడా? అందరికీ ఒక కుండ కూడే పెట్టు, లేదంటే నాకు ముద్ద దిగదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ముసలాయన చాదస్తం అనుకున్నాను. కానీ మూడు గిన్నెలు వండి వండి విసిగిపోయి ఉన్నాను కాబట్టి, పోనీ పీడ పోతుందని అందరికీ ఒకటే వండడం మొదలుపెట్టాను. ఒకరోజు కొర్రన్నం, ఒకరోజు సంగటి, గోంగూర పప్పు, మజ్జిగ, మనిషికొక ఉడకబెట్టిన గుడ్డు. మా ఆయన రెండు వారాలు మూతి ముడుచుకుని తిన్నాడు. తర్వాత మూతి అలవాటు పడింది.

డాక్టరమ్మ మాట ఈయనకు నేను చెప్పలేదు. మా ఆయనకే సగం చెప్పినదాన్ని, ఈయనకు ఎందుకు చెబుతాను? మరి ఆమె చెప్పిందే ఈయన చేయించాడు. తెలిసి చేయించాడా? లేక తన పళ్ళెంలో ఉన్నదే అందరి పళ్ళేల్లో ఉంటే ఎవరి పళ్ళెంలోంచి తీసుకున్నా తేడా రాదనుకున్నాడా? నాకు రెండోదే నిజమనిపించేది, ఆయన చెయ్యి చూస్తే.

ఆ చేతి సంగతి చెప్పాలి. భోజనానికి ముందు ప్రార్థన చేసేది ఆయనే. ప్రార్థనంటే టీవీ కట్టెయ్యాలి, ఫోన్లు పక్కన పెట్టాలి. రిమోటు తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు. ఆ తర్వాత మొదలు. "ప్రభువా, ఈ జొన్నలు ఇత్తినోళ్ళను దీవించు, కోసినోళ్ళను దీవించు, మర పట్టినోణ్ణి దీవించు, ఈ గోంగూర గిల్లిన నా కోడలి చేతులను దీవించు, దానికి కొంచెం ఓపికియ్యి..." పప్పు చల్లారిపోయేది. మేం కళ్ళు మూసుకుని, కడుపులో పేగులు అరుస్తుంటే కూర్చునేవాళ్ళం. "ఆమెన్" అని కళ్ళు తెరిచేసరికి బ్లెస్సీ పళ్ళెంలో గుడ్డు సగమే ఉండేది!

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని విన్నాను గానీ, మనిషి కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడుతూ గుడ్డు కొట్టేయడం మా ఇంట్లోనే చూశాను. మొదట్లో పాప గొడవ చేసింది. తర్వాత అదొక పందెమైంది. ఒక కన్ను తెరిచి కాపలా కాసేది. గుడ్డును అన్నంలో పాతేసేది. ఒకసారి పళ్ళెం ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. అయినా సరే, ఆమెన్ అనేసరికి సగం గుడ్డు ఆయన బుగ్గలో. పిల్ల పడీపడీ నవ్వేది. జొన్నరొట్టె ముందు ఏడ్చిన పిల్ల అన్నం వేళ ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేది. నవ్వుల్లో పడి ఏం తింటోందో కూడా చూసుకునేది కాదు.

సాయంత్రాలు ఇంకో తతంగం. మా వీధి చివరి ఫిల్టర్ నీళ్ళ ప్లాంటు నుంచి క్యాను తేవాలి. అంతకుముందు ఆటోవాడు వేసిపోయేవాడు. ఈయన వచ్చాక ఆటో మాన్పించాడు. పాత సైకిలుకు క్యాను కట్టి తోసుకుంటూ తనే బయల్దేరేవాడు. "నాకు చూపు ఆనదు తల్లీ. గుంతలో పడితే నీకు తాత ఉండడు. నువ్వు ముందు నడిచి దారి చూపించు" అని పాపను వెంట పెట్టుకునేవాడు. ప్లాంటు వీధి చివరే కదా, వెంటనే రావాలి. వచ్చేవాళ్ళు కాదు. దారి తప్పామని చెప్పేవాడు. చూపు ఆనని మనిషికి రైల్వే గేటు అవతల ఉన్న మిరపకాయ బజ్జీల బండి మాత్రం ఇవతల నుంచే కనబడేది! "తల్లీ, ఆడ నూనె మారినట్టుంది, వాసన వేరేగా ఉంది" అనేవాడట. పాప వచ్చి నాకు చెప్పి నవ్వేది. చెమటతో తడిసి, బుగ్గలు కందిపోయి ఉండేది. ఆయనకు చూపు నిజంగా ఆనదా? కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోతానంటే, "ఈ వయసులో చూసి ఏం చెయ్యాల?" అని రానే లేదు.

ఇంత చేసినా మా ఆయన తెచ్చే కవరు మాత్రం ఆగలేదు. అన్నం మారింది, నడక వచ్చింది, కానీ కవరు వస్తూనే ఉంది. పారేయలేం కదా! కవరు వచ్చిన ప్రతిసారీ చిన్నమామ పాప పక్కనే చేరేవాడు. "నాకేదీ?" పాప ఒక బన్ను తీస్తే సగానికి పైగా ఆయనదే. పఫ్ తీస్తే పైన పొర పాపకు, లోపల గుడ్డు ఆయనకు. కొన్ని రోజులు కొట్టు మూసే వేళకు బేకరీకే పోయి, "మిగిలినయ్యి నాకియ్యి, నేను మోసుకపోతా" అని మా ఆయన దగ్గర కవరు తీసుకునేవాడు. ఆ కవరు ఇంటికొచ్చేసరికి ఖాళీ. కుక్కలకు వేస్తున్నాడని ఎవరో అన్నారు. పలకల ఫ్యాక్టరీ గోడ పక్కన కూర్చుని తానే తింటున్నాడని ఇంకొకరు అన్నారు. నాకు తెలిసింది ఒక్కటే, ఇంటికొచ్చినప్పుడు ఆయన మీసానికి క్రీము ఉండేది.

షుగరున్న మనిషి! నేను బతిమాలాను, తిట్టాను, ప్రభువు మీద ఒట్టు పెట్టాను. "మా కాలంలో తిండి తక్కువ, పంచుకునేటోళ్ళు ఎక్కువ. ఇప్పుడు తిండి ఎక్కువ, పంచుకునేటోళ్ళు లేరు. పిల్లకి అదే రోగం" అన్నాడు ఒకసారి. నేను ఆ మాటకు కరిగి చూస్తుండగానే నా పళ్ళెంలో వడ తీసుకున్నాడు. ఇక ఏమనుకోవాలి ఈ మనిషిని?

తర్వాత కాలికి పుండు పడింది. చెప్పు కరిచిందన్నాడు. మానలేదు. కళ్ళు తిరిగి వాకిట్లో పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బడి లేదు కాబట్టి పాప కూడా వెంట వచ్చింది. డాక్టరు రక్తం రిపోర్టు చూసి ముఖం చిట్లించి, "పెద్దాయనా, ఏం తింటున్నావయ్యా?" అని అడిగాడు.

ఆయన మంచం మీద నుంచి పాప వైపు చెయ్యి చూపించాడు. "మా మనవరాలు పెట్టింది తింటన్నానయ్యా. అడిగితే పెడతాది. కాదనదు. మంచి పిల్ల."

పాప ముఖం పాలిపోయింది. ఆ మాట విని నాకు ఆయన్ని మంచం మీద నుంచి కిందికి లాగాలన్నంత కోపం వచ్చింది. తన తిండికి చిన్నపిల్ల మీద నెపం పెడతాడా!

మర్నాడు కొట్టు కట్టేసి మా ఆయన కవరుతో వచ్చాడు. పాప గడప దగ్గరే నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"డాడీ, అది ఇంట్లోకి తేవద్దు."

"ఏందమ్మా, నీకిష్టమైన దిల్‌పసంద్ ఉంది."

"నేను తింటే తాత అడుగుతాడు. అడిగితే నేను పెడతా. తాత చచ్చిపోతాడు."

మా ఆయన కవరు గడప బయటే దించాడు. "మరి మిగిలినయ్యి ఏం చెయ్యమంటావే? పారెయ్యమంటావా?" అన్నాడు.

"తక్కువ చెయ్యి డాడీ."

అంతే. ఇన్నేళ్ళ వ్యాపారంలో మా ఇద్దరికీ తోచని మాట అది. కొంచెం తక్కువ చేస్తే మిగలదు, మిగలకపోతే ఎవరూ తిననక్కర్లేదు. ఆ వారం నుంచే మా ఆయన సరుకు తగ్గించాడు. కవరు ఆగింది. పాప బడిలో ఎవరి పుట్టినరోజుకైనా కేకు ముక్క ఇస్తే అక్కడే స్నేహితులతో తిని, మూతి కడుక్కుని ఇంటికొచ్చేది, తాతకు వాసన తగలకూడదని. బన్ను మీద ఆశ పోయిందని కాదు. తాతకేమవుతుందోనన్న భయం అంతకంటే పెద్దదైంది.

ఇక్కడే నాకు బుర్ర తిరుగుతుంది. ఆసుపత్రిలో ఆ మాట కావాలనే అన్నాడా? పాప చేత బన్ను మాన్పించడానికి తన ఒంటినే అడ్డం పెట్టాడా? మరీ అంత తెలివైన మనిషిలా ఎప్పుడూ కనబడలేదే! ఒకవేళ అదే నిజమైతే, తొమ్మిదేళ్ళ పిల్ల గుండె మీద అంత బరువు పెట్టడం ఏం న్యాయం? మామూలు తిండిపోతు డాక్టరుకు దొరికిపోయి పిల్ల పేరు చెప్పాడనుకుంటే, కోపమైనా వస్తుంది, అర్థమైనా అవుతుంది.

ఆ ఏడు పాప గౌన్లకు కింద మడత విప్పి పొడవు పెంచాను. పక్క కుట్లు విప్పలేదు. మెడ వెనక నలుపు ఒక్కసారిగా పోలేదు గానీ, రుద్దకుండానే కొంచెం కొంచెం తేలిక పడింది. డాక్టరమ్మ చూసి, "ఏం చేశారమ్మా?" అని అడిగింది. ఏం చెప్పను? మా ఇంట్లో ఒక ముసలాయన పిల్ల తిండి లాక్కుని తింటున్నాడని చెప్పనా? అందరం ఒకటే తింటున్నామని చెప్పాను. "మంచి పని చేశారు, ఇట్లే ఉండండి" అంది.

చిన్నమామ కాలు మాత్రం మానలేదు. ఒంగోలు తీసుకెళ్ళే ముందు రోజు ఆయన మంచం పక్కన కూర్చుని కట్టు మారుస్తూ అడిగేశాను. "మామా, ఒక్కటి నిజం చెప్పు. ఆ బన్నులు నువ్వు పాప కోసం తిన్నావా, నీ కోసం తిన్నావా?"

ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. ఇప్పుడు చెబుతాడనుకున్నాను.

"ఏంది కోడలా, పోలీసోళ్ళు అడిగినట్టు అడుగుతాండావు? బన్ను బాగుంటే తింటారు, బాగలేకపోతే తినరు. అయినా మీ ఆయన ఈ మధ్య క్రీము తగ్గించినాడు. అట్ల చేస్తే గిరాకీ పోతాది, చెప్పు వానికి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కట్టు గట్టిగా బిగించాను. "అబ్బా! నిమ్మళంగా కట్టు" అని అరిచాడు. అదే ఆయన నాతో నిలకడగా మాట్లాడిన ఆఖరి మాట. ఒంగోలు తీసుకెళ్ళాం, కాలి వేలు ఒకటి తీసేశారు, తిరిగి తెచ్చుకున్నాం. ఒక ఆదివారం చర్చి నుంచి మేం వచ్చేసరికి నిద్రలోనే పోయి ఉన్నాడు.

జ్ఞాపకార్థ కూడిక మా ఇంట్లోనే పెట్టుకున్నాం. పల్లె నుంచి బంధువులొచ్చారు. వాళ్ళలో ఒకాయన, "మీ చిన్నమామ తిండి కోసమే బతికినోడమ్మా, మా పిల్లల పళ్ళేలు కూడా వదల్లేదు" అన్నాడు. ఇంకొకామె కళ్ళు తుడుచుకుంటూ, "ఆయన తుంచని రోజు మా పిల్లోళ్ళు అన్నమే ముట్టేటోళ్ళు కాదు" అంది. ఇద్దరూ ఒకే మనిషి గురించి చెబుతున్నారు. నేను ఇద్దరికీ తలూపాను.

వచ్చినవాళ్ళంతా వెళ్ళాక మేం ముగ్గురం కింద కూర్చున్నాం. ముసలాయన్ను గొప్పవాణ్ణి చేసి మనసు నెమ్మది చేసుకుందామని ఆ పూటంతా నాలో నేను ఏవేవో అతికిస్తూనే ఉన్నాను. బన్నులు తిన్నది పాప కోసం, సరే. పఫ్‌లు తిన్నది పాప కోసం, సరే. నీళ్ళ క్యాను, టీవీ రిమోటు, ఒకే కుండ, అన్నీ పాప కోసమే అనుకుందాం. మరి గుడ్డు? గుడ్డు పెరిగే పిల్లకు మంచిదని డాక్టరమ్మే చెప్పింది కదా. పాప కోసమే అయితే బన్ను తీసుకుని గుడ్డు వదలాలి కదా! ఆ సగం గుడ్డు దగ్గరికి వచ్చేసరికి నేను కుట్టిందంతా ఊడిపోతుంది.

పళ్ళేల్లో కొర్రన్నం, పప్పు, మనిషికొక గుడ్డు. మా ఆయన టీవీ రిమోటు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, తొడ కింద పెట్టుకున్నాడు. ప్రార్థన ఎవరు చేయాలో ముగ్గురికీ తోచలేదు. చివరికి బ్లెస్సీ కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ కొర్రలు ఇత్తినోళ్ళను దీవించు, కోసినోళ్ళను దీవించు..." అని ఆయన యాసలోనే మొదలుపెట్టింది. ఒక్క మాట వదలకుండా అంతా చెప్పింది, మా అమ్మకు ఓపికియ్యి అన్నదాకా. చెప్పాల్సినవి అయిపోయినా ఆమెన్ అనలేదు. అట్లే కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. పప్పు చల్లారుతోంది. ఎందుకు ఆగిందో నాకు అర్థమయ్యేసరికి నేను కూడా ఊపిరి బిగబట్టి ఉన్నాను.

"ఆమెన్" అని కళ్ళు తెరిచి తన పళ్ళెంలోకి చూసుకుంది.

"మమ్మీ, గుడ్డు అట్లే ఉంది" అంది.